బొట్టు పెట్టిన ఫ్లాపీ

"ఇంకా ఉండాడా?"

"ఉండాడు."

"నీళ్ళిచ్చినావా?"

"ఇచ్చినా. తాగి, చెంబు బోర్లించి, మళ్ళా ఆడనే కూర్చున్నాడు."

అలివేలమ్మ వంటింటి గడప మీద నిలబడి కొడుక్కి ఈ సంగతులు గుసగుసగా చెప్పింది. గట్టిగా అంటే వీధి తిన్నె మీద ఉన్న మనిషికి వినిపిస్తుంది. బైరాగిపట్టెడలో ఆ వరస ఇళ్ళన్నీ అంతే. ఒక ఇంట్లో తుమ్మితే రెండిళ్ళ అవతల నుంచి 'చిరంజీవ' అంటారు.

పొద్దున ఏడింటికి వచ్చాడు ఆ మనిషి. ఇప్పుడు పది కావస్తోంది. యాభై దాటిన వయసు, నలిగిన తెల్లచొక్కా, ఒళ్ళో గుడ్డసంచి. గోడకు ఆనుకోకుండా, ఏదో ఆఫీసులో పిలుపు కోసం కాచుకున్నట్టు కూర్చున్నాడు. టైరు చెప్పులు మెట్టు కింద విడిచి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టాడు.

"మునిలక్ష్మమ్మ ఇల్లు ఇదేనా నాయనా?" అని అడిగినప్పుడు బయటికి వెళ్ళింది జయరామ్.

"ఇదే. ఆమె ఊళ్ళో లేదు," అనేశాడు.

"పరవాలేదు. ఆమె వచ్చినాకనే పోతా."

ఊళ్ళో లేని మునిలక్ష్మి ఆ సమయానికి వంటింట్లో బీరకాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడనక్కర్లేదు కూడా. రెండేళ్ళుగా వారానికి రెండు మూడుసార్లు ఆ గొంతు ఆమె ఎడమచెవిలో పలుకుతూనే ఉంది. 'అమ్మా, నేను చెంగయ్యను, నీలకంఠ షుగర్స్ నుంచి' అనే గొంతు.

మూడు గంటలైంది. ఆమె వంటింట్లోంచి కదల్లేదు.

"పోయి చెప్పేసి రారా, ఆమె ఇప్పుడిప్పుడే రాదు, నువ్వు పో అని," అంది అలివేలమ్మ.

"నువ్వే చెప్పు."

"మొగోడివి నువ్వుండంగా నేనా?"

"ఒక అబద్ధం చెప్పినా గదమ్మా. ఇంగోటి నా వల్ల కాదు."

రేణిగుంటలో జయరామ్ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలు. అప్పటి నుంచి ఇల్లు మునిలక్ష్మి జీతం మీద నడుస్తోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనరు గనకే, ఏ గొడవ మొదలైనా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

"ఆ సంచిలో ఏం పెట్టుకోనొచ్చినాడో," అంది అలివేలమ్మ ఇంకా గొంతు తగ్గించి. "వాడి పని పోతా ఉండాది. నీ పెండ్లాం వల్ల పోయిందని వచ్చినాడు. కిరసనాయిలు డబ్బా గాని ఉంటే? మన వాకిట్లోనే పోసుకుంటే?"

"నా వల్ల అని ఎవురు చెప్పినారత్తా?"

మూడు గంటల్లో మునిలక్ష్మి నోట వచ్చిన మొదటి మాట అది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయిందని ఆ మరుక్షణం ఆమెకే తెలిసింది.

జయరామ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"లక్ష్మీ, నాకన్నా చెప్పు. ఆ చెరకు రైతుల జాబితా ఎట్ల పోయింది?"

"చెప్పినా గదా. ఆయన ఒకటి బదులు ఇంగొకటి పెట్టినాడు. మిషను తుడిచేసింది."

"అంతేనా?"

"అంతే."

అంతే కాదని జయరామ్‌కు తెలుసు. ఐదు రోజులుగా ఆమె సరిగా తినడం లేదు. ఈ రోజు ఆఫీసుకు సెలవు కూడా పెట్టింది. ఫోను మోగితే ఉలిక్కిపడుతోంది. కానీ జీతం తెచ్చే పెళ్ళాన్ని రెట్టించి అడిగే అలవాటు అతనికి ఈ ఎనిమిది నెలల్లో పోయింది.

అప్పుడే హాల్లో ఫోను మోగింది.

ఆ ఫోను ఇంటివాళ్ళది కాదు, కంపెనీది. తిలక్ రోడ్డులో మేడమీద ఉన్న వినూత్న కంప్యూటర్స్ వాళ్ళు ఆమె కోసం ఇంట్లో పెట్టించారు. ఆమె ఉద్యోగం ఫోను దగ్గర కూర్చోవడం. జిల్లాలో కంపెనీ కంప్యూటర్లు కొన్న ఫ్యాక్టరీలు, పాలకేంద్రాలు, గోడౌన్లు ఎక్కడ మిషను మొరాయించినా ఆమెకు ఫోను చేస్తారు. ఆ మిషను ఆమెకు కనపడదు. దాని ముందున్న మనిషి చెప్పింది విని, ఏ మీట నొక్కాలో చెప్పాలి. కళ్ళకు గంతలు కట్టుకుని పక్కింట్లో పొయ్యి వెలిగించడం లాంటి పని. ఆఫీసులో పొద్దంతా అదే, ఇంటికొచ్చినా అదే. తలంటుకోవడానికి నూనె పెట్టుకుని కూర్చున్నా, ఫోను మోగితే లేవాల్సిందే. మొదటి ఏడాది వీధిలో ఫోనున్న ఇల్లు తమదేనని అలివేలమ్మ మురిసిపోయింది. కుట్టుపని చేసిన గుడ్డ కప్పింది. రెండో ఏడాది నుంచి దాన్ని చూస్తే ఆమెకూ భయమే.

మునిలక్ష్మి చేతులు తుడుచుకుని వెళ్ళి ఎత్తింది. బ్రాంచి మేనేజరు రాజారత్నం.

"మునిలక్ష్మీ, పదకొండుకు రిజిస్టరు తీసుకుని మీ ఇంటికే వస్తాను. సాయంత్రం లోపల నీ సంతకంతో కాయితం మద్రాసు హెడ్డాఫీసుకు పోవాలి. ఇంకొక సంగతి. ఆ చెంగయ్య నిన్నటి నుంచి కనపడటం లేదంట. రైతులు వాడింటి తలుపు పగలగొట్టినారు. తనకు కావలసిన వాళ్ళకు ముందు కోత ఇప్పించడానికి జాబితా చెరిపేసినాడని వాళ్ళ అనుమానం. ఫ్యాక్టరీ వాళ్ళు కూడా అదే అంటున్నారు, వాళ్ళకూ అదే సుఖం. మీ ఇంటికి గాని వస్తే లోపలికి రానివ్వద్దు. నాకు చెప్పు, నేను చూసుకుంటా. వచ్చినాడా?"

కిటికీలోంచి చెంగయ్య మెడ వెనక భాగం, ఒక చెవి కనిపిస్తున్నాయి.

"రాలేదు సార్."

ఆమె ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి జయరామ్ నిలబడి ఉన్నాడు.

"ఎందుకు అబద్ధం చెప్పినావు?"

"నువ్వెందుకు చెప్పినావో అందుకే," అంటూ ఆమె వీధి తలుపు వైపు నడిచింది.

గొంతును బట్టి చెంగయ్యను ఆమె లావుపాటి, మీసాల మనిషిగా ఊహించుకుంది. తిన్నె మీద ఉన్నది వెదురుకర్ర లాంటి మనిషి. చొక్కా జేబులో తాడు కట్టిన కళ్ళజోడు.

"లోపలికి రాండి అయ్యా," అంది.

ఆ రెండు మాటలకే ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా అమ్మా! ఫోన్లో గొంతు విని పెద్దామె అనుకుంటి. ఇంత చిన్నబిడ్డవా!"

ఊరి నుంచి ఎప్పుడొచ్చావని ఆయన అడగలేదు. అడగకపోవడం ఆయన పెద్దరికం. ఆ పెద్దరికం చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

చాప వేస్తే కూర్చున్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. అలివేలమ్మ రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. సంచిలోంచి ఒక తువ్వాలు వచ్చింది, తువ్వాలు మడతల్లోంచి రెండు నల్లటి ఫ్లాపీలు వచ్చాయి. రెండింటికీ పైన రాత కనపడకుండా పసుపు పూసి ఉంది. రెండింటి మీదా ఒకే మూలన గుండ్రంగా కుంకుమ బొట్టు ఉంది.

"దొంగతనంగా ఎత్తుకోనొచ్చినానమ్మా. ఆడ పెడితే ఇవి గూడా మాయం చేస్తారని భయమేసింది. నువ్వు చూస్తే ఏమన్నా మిగిలిందేమో చెప్తావని."

మునిలక్ష్మి రెండింటినీ చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏది ఏదో ఆమెకూ తెలియలేదు.

ఆ రెండింటిలో ఒకటి అసలు, ఒకటి నకలు. నాలుగు వేల మంది రైతుల పేర్లు, ఎవరు ఏ తేదీన చెరకు నాటారో ఆ లెక్క, అంతా వాటిలో ఉండేది. ముందు నాటినవాడికి ముందు కోత. కోత వెనకబడితే గడ నిలువునా ఎండుతుంది, ఏడాది కష్టం గాలికి పోతుంది. ఆ జాబితా ఎక్కించడానికి చెంగయ్యకు రెండు నెలలు పట్టింది. ఒంటివేలితో ఎక్కించాడు. మళ్ళీ ఎక్కించాలంటే కాగితాలున్నాయి, కానీ మూడు వారాల్లో ఫ్యాక్టరీలో చెరకు గానుగ ఆడాలి.

వారానికోసారి నకలు ఫ్లాపీని తుడిచి, అసలులోంచి కొత్త నకలు తీసుకోవాలి. ఏది ఏదో పైన ఇంగ్లీషులో సన్నగా రాసి పంపారు మద్రాసు వాళ్ళు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ రాత చెంగయ్యకు ఆనదు. ప్రతివారం ఫోనులో అదే తంటా. చివరికి రెండేళ్ళ కిందట మునిలక్ష్మే ఒక ఉపాయం చెప్పింది. 'నకలు మీద కుంకుమ బొట్టు పెట్టుకోండి అయ్యా. బొట్టున్నదాన్నే తుడవాలి. బొట్టు లేనిదాని జోలికి పోవద్దు.' కంపెనీ పుస్తకంలో లేని పద్ధతి అది. రాజారత్నానికి కూడా చెప్పలేదు. రెండేళ్ళు ఒక్క పొరపాటు జరగలేదు, అందుకే చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

"సరస్వతి పూజనాడు ఫ్యాక్టరీలో అన్నిటికీ పెట్టినామమ్మా," అన్నాడు చెంగయ్య. "కాటా కాడ, బాయిలరు కాడ, టైపు మిషనుకు, లారీలకు. కంప్యూటరుకూ నేనే పెట్టినా. ఈ ఏడు వీటిని గూడా పళ్ళెంలో పెట్టి పసుపు కుంకుమ పెట్టినా. ఒకదానికి అప్పటికే బొట్టుండాది. రెండోది బోసిగా ఉంటే చెయ్యి ఊరుకోలేదు. పండగనాడు ఒకదానికి పెట్టి ఒకదాన్ని ఇడిస్తే ఎట్ల అనిపించింది."

అలివేలమ్మ గోడ దగ్గర నుంచి, "అవును, ఇడవకూడదు," అంది. తర్వాత నాలిక కరుచుకుంది.

"మరుసటి వారం మిషను అడిగినప్పుడు ఏది పెట్టాల్నో తెలీలేదు. నిన్ను అడిగుండాల్సింది. అడక్కుండా చేసినా. తప్పు నాదే తల్లీ."

మునిలక్ష్మి ఫ్లాపీలను చాప మీద పెట్టింది.

అడిగాడు. చెంగయ్య అడిగాడు.

ఆ రోజు ఆఫీసులో రెండో ఫోను దగ్గర కూర్చోవాల్సిన అమ్మాయి పండక్కి వెళ్ళి తిరిగి రాలేదు. పొద్దున తొమ్మిది నుంచి రెండు ఫోన్లూ మునిలక్ష్మివే. మిషన్ల కోసం వేసిన చల్లదనానికి వారం రోజులుగా దగ్గు. గదిలోకి చెప్పులతో రాకూడదు, కాళ్ళు మొద్దుబారిపోతాయి. లేచి బయటికి పోవాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచి నీళ్ళు కూడా తాగలేదు. ఎదురుగా రాజారత్నం పెట్టిన టైంపీసు. ఒక్కో ఫోను ఆరు నిమిషాల్లో తెమలాలి, దాటితే రిజిస్టరులో కారణం రాయాలి.

చెంగయ్య మొదటిసారి చేసినప్పుడు, 'బొట్టున్నది పెట్టి, తుడిచేదా అని మిషను అడిగితే వై మీట నొక్కండి' అని ఎప్పటిలా చెప్పింది. అరగంటకు మళ్ళీ చేశాడు.

'అమ్మా, కరెంటు పోయి వచ్చింది. మళ్ళా మొదటి నుంచి అడగతా ఉండాది.'

'మళ్ళా అదే చెయ్యండయ్యా. బొట్టున్నది పెట్టి వై నొక్కండి.'

'బొట్టంటే అమ్మా, ఇప్పుడు రెండిటికీ...'

మధ్యలో ట్రంకు ఆపరేటరు, 'మూడు నిమిషాలైంది' అంది. పక్కన రెండో ఫోను మోగుతోంది. గొంతులో దగ్గు అడ్డం పడింది.

'బొట్టున్నదే! ఎన్నిసార్లు చెప్పేది మీకు?' అని కసిరి ఆమె పెట్టేసింది.

మొదటిసారి ఒకటి పోయింది, రెండోసారి రెండోది పోయింది. ఆ కసురు గనక లేకపోతే ఒకటైనా మిగిలేది. ఈ సంగతి ఆమెకు తెలుసు, చెంగయ్యకు తెలియాలి. తెలిసి కూడా తప్పు నాదే అంటున్నాడా, నిజంగానే మరిచిపోయాడా? ఆమె తేలుకుట్టిన దొంగలా కూర్చుండిపోయింది.

"ఇప్పుడేం కావాల పెద్దాయనా నీకు?" అన్నాడు జయరామ్.

"పని పోతే పోనీ నాయనా. ఇంగ మూడేండ్లకు ఎట్లాగూ ఇంటికి పంపిస్తారు. కానీ దొంగ అంటాండారు. కోత వంతు అమ్ముకున్నానంట. నా ఇంటి వాకిలి పగలగొట్టినోళ్ళలో నా బామ్మర్ది గూడా ఉండాడు." ఆయన మునిలక్ష్మి వైపు తిరిగాడు. "నువ్వొక్కసారి వచ్చి వాళ్ళకు చెప్పమ్మా. ఇది పొరపాటే గానీ దొంగతనం కాదు అని. మిషను సంగతి తెలిసినదానివి. నీ మాట నమ్ముతారు."

"యాడికి రమ్మంటావయ్యా?" అలివేలమ్మ గొంతు లేచింది. "నిన్నే కొట్టేదానికి తిరగతాంటే, దీన్ని గూడా ఆ గుంపులోకి పంపియ్యాల్నా?"

చెంగయ్య తల వంచుకున్నాడు. "నిజమేలేమ్మా. నేను ఆలోచించలేదు."

వీధిలో స్కూటరు ఆగిన చప్పుడైంది. పదకొండు కాలేదు. రాజారత్నం ముందే వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పొద్దున్నుంచి ఆ మనిషిని పొమ్మను, పొమ్మను అని పోరింది అలివేలమ్మే. ఆ స్కూటరు చప్పుడు విన్నాక చెంగయ్య రెక్క పట్టుకుని లేపి, బియ్యం మూటలుండే చిన్నగదిలోకి నెట్టిందీ ఆమే. "దగ్గొద్దు," అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. ఫ్లాపీలను మునిలక్ష్మి చాప కింద పెట్టింది.

రాజారత్నం లోపలికి వస్తూ మెట్టు దగ్గర ఆగాడు.

"ఎవరివి ఈ చెప్పులు?"

"పాలాయనవి," అంది అలివేలమ్మ. "మరిచిపోయి పోయినాడు."

"తిరపతిలో చెప్పులు పోగొట్టుకునేవాళ్ళను చూసినాను గానీ, మరిచిపోయేవాళ్ళను ఇప్పుడే వింటున్నా." నవ్వాడు. ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు. కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచాడు. "చదువుతాను, విను. 'చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా మా సూచనలకు విరుద్ధంగా ఫ్లాపీల మీద పూజాద్రవ్యాలు పూసి, తన ఇష్టప్రకారం రెండింటినీ చెరిపివేసినాడు. మా ఉద్యోగిని సరైన సలహానే ఇచ్చినది.' ఇక్కడ సంతకం."

"ఆ రోజు నేను రాసిన పేజీ ఏది సార్?"

"ఆ పేజీ లేదు."

"రెండు ఫోన్లు నేనే ఎత్తినానని రాసినాను. రెండోసారి ఆయన ఏదో అడగబోతే..."

"నాకు తెలుసమ్మా." రాజారత్నం కళ్ళజోడు తీశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. ఆయనా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "పదకొండు గంటలు నిన్ను లేవనీకుండా కూర్చోబెట్టినది నేనే. అది రాస్తే, ఎందుకు కూర్చోబెట్టినావని నన్ను అడుగుతారు. ఇంకో మనిషిని ఇవ్వమని నేను మద్రాసుకు నాలుగుసార్లు రాసినా. జవాబు లేదు. మన తప్పని తేలితే ఈ బ్రాంచి ఉండదు. నీతో కలిపి ఆరుగురు. నా వయసులో నాకెవరు పనిస్తారు? ఆ చెంగయ్య ఎట్లాగూ దొరకడు. దొరికినా వాడి మాట ఎవరూ వినరు."

"వినరనే గదా సార్ ఇట్ల రాసింది."

"ఏమిటి?"

"ఏం లేదు."

జయరామ్ కిటికీ దగ్గర నుంచి, ఎవరి ముఖమూ చూడకుండా, "సంతకం పెట్టెయ్ లక్ష్మీ," అన్నాడు.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పుకోకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఆ సామెతలో పోయేది ఒకరి మానమూ ప్రాణమూ. ఇక్కడ మానం ఈమెది, ప్రాణం బియ్యం మూటల మధ్య కూర్చున్న మనిషిది. మునిలక్ష్మి కలం తీసుకుంది. సంతకం పెట్టాలని ఉంది, అది కూడా నిజమే. ఒక్క గీత గీస్తే ఫోను ఉంటుంది, జీతం ఉంటుంది, ఈ ఇల్లు ఉంటుంది.

చిన్నగది తలుపు తెరుచుకుంది.

"పెట్టు తల్లీ," అన్నాడు చెంగయ్య. "ఆయన రాసింది నిజమే. పసుపు పూసింది నేనే, తుడిచింది నేనే."

రాజారత్నం కుర్చీలోంచి లేచాడు. ముందు మునిలక్ష్మిని చూశాడు, తర్వాత వీధి మెట్టు వైపు చూశాడు.

"పాలాయన," అన్నాడు.

మునిలక్ష్మికి ఆ మాట చెవికెక్కలేదు. ఆమె చెంగయ్యనే చూస్తోంది.

"మీరు అడిగినారు గదా అయ్యా."

"ఏమి?"

"రెండిటికీ బొట్టుండాదని చెప్పబోయినారు. నేను చెప్పనీలేదు. కసిరినాను. గురుతు లేదా మీకు?"

చెంగయ్య చొక్కా జేబులోని కళ్ళజోడు తాడును వేలికి చుట్టుకున్నాడు.

"గురుతుండాదమ్మా. ఆ రోజు నువ్వు దగ్గుతా ఉంటివి. నీళ్ళు తాగు తల్లీ అని చెప్దామనుకున్నా. అంతలోనే కట్టయిపోయింది."

మునిలక్ష్మి కలం రిజిస్టరు మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐదు రోజులుగా కోడలు ఎందుకు తినలేదో ఆ ఇంట్లో అందరికీ ఇప్పుడు తెలిసింది.

అప్పుడు వినిపించాయి మాటలు. వీధిలోంచి. ఒకరివి కాదు.

"ఫోనున్న ఇల్లు ఇదేనంట."

"ఇవిగో, చెప్పులు! చెంగయ్యవే. ఆ బెల్టు నేనే కుట్టిచ్చినా."

తలుపు మీద అరచేత్తో మూడు దెబ్బలు పడ్డాయి. దెబ్బలకు గూట్లోని దీపం కుందె కదిలింది.

"తలుపు తియ్యండి! చెంగయ్య ఈడుండాడా?"

ఆ గొంతు విని చెంగయ్య గోడకు చెయ్యి ఆనించాడు. "మునిరామయ్య," అన్నాడు. "నా బామ్మర్ది."

అందరికన్నా ముందు తలుపు దగ్గరికి వెళ్ళింది రాజారత్నం. తీయడానికనే అనుకున్నారు. తీయలేదు. ఒక చెయ్యి గడియ మీద పెట్టి, రెండో చేత్తో రిజిస్టరు ముందుకు చాపాడు.

"సంతకం పెట్టు మునిలక్ష్మీ," అన్నాడు మెల్లగా. "పెడితే, ఇక్కడ ఎవరూ లేరని చెప్పి వాళ్ళను నేను పంపించేస్తా. పెట్టకపోతే నేను పోవాల. నేను పోవాలంటే తలుపు తీయాల."

"సార్!" అన్నాడు జయరామ్.

మళ్ళీ దెబ్బలు. ఈసారి కర్రతో.

మునిలక్ష్మి చాప కింద నుంచి రెండు ఫ్లాపీలూ తీసుకుంది. తలుపు దగ్గరికి నడిచింది. రిజిస్టరు తీసుకుంటుందనుకుని రాజారత్నం దాన్ని ఇంకొంచెం ముందుకు చాపాడు. ఆమె దాన్ని పక్కకు తోసింది. గడియ మీదున్న ఆయన చేతిని తీసేసింది. ఎప్పుడూ ఆయన ఎదుట తలెత్తి నిలబడని మనిషి.

"గడియ నేనే తీస్తా సార్."

తీసింది.

మెట్ల మీద ఐదారుగురున్నారు. ముందున్న మునిరామయ్య చేతిలో చెరకు గడ అంత కర్ర ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిత్తూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కిన మనిషి, ఏమీ తిన్నట్టు లేడు.

"చెంగయ్య ఏడీ?"

"ఆయన్ను ఎతుక్కోవాల్సిన పని లేదన్నా. మీ జాబితా పోగొట్టింది ఆయన కాదు." ఆమె రెండు ఫ్లాపీలూ పైకెత్తి చూపింది. "ఏది తుడవాల్నో ఫోన్లో చెప్పింది నేను. ఆయన అడగబోతే కసిరి నోరు మూయించింది నేను. కోత ఎవురూ అమ్ముకోలేదు. పొరపాటు నాది."

మునిరామయ్య ఆ ఫ్లాపీల మీది బొట్లు చూశాడు. ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆయన వెనకున్నవాళ్ళలో ఎవరో నవ్వారు.

"వాడు దాక్కోని ఆడదాన్ని ముందుకు తోసినాడురా," అన్నాడు ఒకడు.

"చూడమ్మా," అన్నాడు మునిరామయ్య. కర్ర మాత్రం దించలేదు. "నీతో మాకు పని లేదు. ఇంట్లో మొగోళ్ళు ఎవురన్నా ఉండారా? ఉంటే వాళ్ళను వచ్చి చెప్పమను. నువ్వు చెప్పింది నిజమేనా, వాణ్ణి కాపాడేదానికి చెప్తా ఉండావా అని."

మునిలక్ష్మి వెనక్కి తిరగలేదు. తిరిగితే, భర్త కళ్ళలో ఏముందో చూడాల్సి వస్తుంది. సంతకం పెట్టెయ్ అన్న మనిషి. ఒక అబద్ధం చెప్పాను, ఇంకొకటి నా వల్ల కాదు అన్న మనిషీ అతనే.

కిటికీ దగ్గర నుంచి జయరామ్ అడుగులు కదిలాయి. వీధి తలుపు వైపు రెండడుగులు పడ్డాయి. రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ రాజారత్నం పక్కన అవి ఆగిపోయాయి.